శ్రీ సాలూరి రాజేశ్వరరావుగారు

మన సీమలో సంగీతమును గూర్చి ప్రసంగము వచ్చినప్పుడు పెద్దలు ఆదిభట్ల నారాయణదాసుగారిని, ద్వారము వేంకటస్వామినాయుడుగారిని దలంతురు. ఆ వరుసలో సినిమాపాటలు కట్టినవారి పేరు చేర్చుటకు పలువురు సందేహింతురు. అన్యదేశపు వరుసలను దెచ్చి మన పాటలో గలిపిరని వారి యాక్షేపణ. రాజేశ్వరరావుగారి విషయమున మాకా సందేహము లేదు.

వీరు 1922 సం. అక్టోబరు 11వ తేదీన సాలూరునకు జేరువనున్న శివరామపురమున జన్మించిరి. తండ్రి సన్యాసిరాజుగారు పాటలు వ్రాయుటయే గాక, ద్వారమువారికి ప్రక్కన మృదంగము వాయించిన విద్వాంసులు. కావున బాలునకు స్వరజ్ఞానము ఇంటనే యబ్బెను. చిన్నతనముననే గ్రామఫోను రికార్డులకు బాడి, 1935లో "శ్రీకృష్ణలీలలు" చిత్రమున కృష్ణవేషము ధరించిరి. కంసుడు వేమూరి గగ్గయ్యగారు! ఆ సింహగర్జనము నెదుట జంకక నిలిచి పాడిన బాలుని, పాడుమన్నంతనే తల వంచుకొను మన విద్యార్థులు తలచుకొందురు గాక.

పిమ్మట కలకత్తా జేరి, సైగల్, పంకజ్ మల్లిక్ మున్నగువారి గానమును దగ్గరగా విని, హిందుస్థానీ పోకడను, పెక్కు వాద్యములను మేళవించు నేర్పును గ్రహించిరి. తిరిగివచ్చి రావు బాలసరస్వతీదేవిగారితో గూడి పాడిన లలితగీతముల రికార్డులు మిక్కిలి ప్రఖ్యాతి గాంచినవి.

అటుపై జెమినీ సంస్థలో ప్రవేశించిరి. 1948లో వెలువడిన వాసన్‌గారి "చంద్రలేఖ" అరవమునను హిందీలోను నిర్మింపబడినది. అందు కర్ణాటక, హిందుస్థానీ బాణీల సరసనే లాటిన్ అమెరికా నాట్యవరుసలు, పోర్చుగీసు జానపదగీతముల పోకడలు, స్ట్రాసుగారి వాల్ట్‌జు నడక వినవచ్చును.

పరదేశపు వరుస నెత్తుకొని దానిపై మన మాటలు గుమ్మరించుట ఎవరికైనను సాధ్యమే. కాని తెలుగున హ్రస్వమును సాగదీసిన నర్థమే మారును. పలక పాలక యగును. వరుస గెలిచి మాట యోడిన పాట యెంతకాలము నిలుచును? రాజేశ్వరరావుగారి పాటలో మాట చెడదు. "మల్లీశ్వరి" (1951)లో కృష్ణశాస్త్రిగారి పలుకులు, "మిస్సమ్మ" (1955)లో పింగళివారి పలుకులు ప్రత్యక్షరము చెవికి దెలియును. వాద్యము లెచ్చటివైనను పాట తెలుగుపాటయే.

హిందీ వరుసలను తెలుగు నిర్మాతలు కోరి తెప్పించుకొను ఆ దినములలో మరియొక వింత జరిగినది. "మిస్సమ్మ" 1957లో "మిస్ మేరీ"యై హిందీకి బోయెను. దాని స్వరకర్త హేమంతకుమార్‌గారు తక్కిన పాటలకు క్రొత్త వరుసలు గట్టి, బృందావనమును గూర్చిన పాటకు మాత్రము మనవారి వరుసనే యుంచిరి.

ముదిమిలో, 1986లో, వీరు స్వరములు గూర్చిన చిత్రములలో "తాండ్ర పాపారాయుడు" ఒకటి. 1757 నాటి బొబ్బిలి యుద్ధ మందలి కథ. బొబ్బిలి శివరామపురమునకు దూరము గాదు. రాజేశ్వరరావుగారు 1999 అక్టోబరులో పరమపదించిరి.