చందమామ కథకుడు

భుజం మీద శవం, చేతిలో కత్తి, చీకటిలో నడిచిపోతున్న రాజు. ఈ బొమ్మను చూడగానే మన ఇళ్ళలోని పెద్దలు చాలామంది తమ చిన్నతనాన్ని తలచుకుంటారు. అది చందమామ మాసపత్రికలోని బేతాళ కథల బొమ్మ. నెలనెలా ఆ కథల కోసం పిల్లలు ఎదురుచూసేవారు. ఇంటికి పత్రిక రాగానే ముందుగా ఎవరు చదవాలా అని పోటీలు పడేవారు. కాని ఆ కథలను తీర్చిదిద్దిన వ్యక్తి ఎవరో వారిలో చాలామందికి తెలియదు. ఆయనే కొడవటిగంటి కుటుంబరావు.

కుటుంబరావు 1909 అక్టోబరు 28న గుంటూరు జిల్లా తెనాలిలో జన్మించారు. పసితనంలోనే తండ్రిని, బాల్యం దాటకముందే తల్లిని కోల్పోయారు. బంధువుల అండతో పెరిగి పెద్దవారయ్యారు. ఆయనకు భౌతికశాస్త్రమంటే మక్కువ. విజయనగరంలో పట్టభద్రులై, పై చదువు కోసం కాశీ హిందూ విశ్వవిద్యాలయంలో చేరారు. అది ప్రపంచమంతటా ఆర్థిక మాంద్యం అలముకున్న కాలం. డబ్బుకు ఇబ్బంది కలిగి ఆయన చదువు మధ్యలోనే ఆగిపోయింది. శాస్త్రవేత్త కావలసినవారు బ్రతుకుతెరువు కోసం ఊరూరా తిరిగి చిన్న చిన్న ఉద్యోగాలు చేశారు. అయితే ఎక్కడ ఉన్నా కలం మాత్రం విడిచిపెట్టలేదు. పెద్దల కోసం ఎన్నో కథలు, నవలలు, వ్యాసాలు వ్రాశారు. ఒక బాలుని చదువు, ఎదుగుదల ఇతివృత్తంగా ఆయన వ్రాసిన ‘చదువు’ తెలుగులోని మంచి నవలలలో ఒకటిగా పేరు పొందింది.

1947 జూలైలో బి. నాగిరెడ్డి, చక్రపాణి కలిసి మద్రాసులో చందమామ పత్రికను ప్రారంభించారు. ఆ నగరమే నేటి చెన్నై. చక్రపాణిది కూడా తెనాలి ప్రాంతమే. ఆయన పిలుపు మీద 1952లో కుటుంబరావు చందమామలో చేరారు. అప్పటికే ఆయన పేరున్న రచయిత. అయినా పిల్లల పత్రికలో పని చేయడం తక్కువ అని ఆయన అనుకోలేదు. అప్పటి నుంచి కడవరకు, అంటే 28 ఏళ్ళు, మూడు వందలకు పైగా సంచికలకు ఆయన శ్రమించారు.

ఆ పని ఎటువంటిదో చూద్దాం. చందమామకు దేశం నలుమూలల నుంచి కథలు వచ్చేవి. కొన్నింటిలో ఆలోచన బాగున్నా చెప్పే తీరు బాగుండేది కాదు. కొన్ని అనవసరంగా సాగేవి. కుటుంబరావు వాటిని చదివి, పనికివచ్చే వాటిని ఏరి, మళ్ళీ తన చేతితో వ్రాసేవారు. రామాయణ, మహాభారతాలను, జాతక కథలను, అరేబియా కథలను పిల్లలకు అర్థమయ్యేలా చెప్పారు. చిత్రా, శంకర్, ఎం.టి.వి. ఆచార్య, వడ్డాది పాపయ్య వంటి చిత్రకారులు పత్రికకు అందమైన బొమ్మలు వేసేవారు. బొమ్మలో కంటికి కనిపించే దానిని మాటలలో మళ్ళీ వర్ణించనక్కరలేదు. అందువల్ల చందమామ కథలలో వర్ణనలు తక్కువ, నడక ఎక్కువ.

దూరదేశాల కథలను కూడా ఆయన మన ఇంటి కథలుగా మార్చారు. ప్రాచీన గ్రీకు దేశంలో ఒడిస్సీ అనే గొప్ప కావ్యం ఉంది. పదేళ్ళు యుద్ధం చేసిన ఒక వీరుడు, ఇల్లు చేరడానికి మరో పదేళ్ళు సముద్రాల మీద అష్టకష్టాలు పడిన కథ అది. అందులోని పేర్లు మన పిల్లల నోరు తిరగనివి. కుటుంబరావు ఆ వీరునికి రూపధరుడు అని పేరు పెట్టి, ‘రూపధరుని యాత్రలు’గా ఆ కథను చెప్పారు. గ్రీకు భాష పేరైనా వినని పల్లెటూరి పిల్లవాడు కూడా ఒంటికన్ను రాక్షసుని గుహలో చిక్కుకున్న వీరుని తలచుకుని ఊపిరి బిగపట్టాడు.

బేతాళ కథల సంగతి మరీ చిత్రమైనది. సంస్కృతంలో ఉన్నవి ఇరవై అయిదు కథలే. అవి అయిపోతే తరువాత నెల ఏమి వేయాలి? కొత్త కథలను తీసుకుని బేతాళ కథలుగా మలచడం మొదలుపెట్టారు. ఇది తేలిక పని కాదు. ప్రతి కథ చివర ఒక చిక్కుప్రశ్న రావాలి. తప్పెవరిది, త్యాగమెవరిది అని పాఠకుడు తర్కించుకోవాలి. రాజు చెప్పే జవాబు న్యాయంగా ఉండాలి. జవాబు చదవడానికి ముందు పిల్లలు తామే ఒక తీర్పు చెప్పుకునేవారు. ఆ విధంగా వినోదంతోపాటు ఆలోచించే అలవాటు కూడా కలిగింది.

కుటుంబరావు భాష తేటనీరు వంటిది. చిన్న వాక్యాలు, అందరికీ తెలిసిన మాటలు. పాండిత్యం చూపించాలన్న తాపత్రయం కనిపించదు. ఎంతో చదివిన వ్యక్తి అంత సులభంగా వ్రాయడం నిజానికి కష్టం. ఆ తేటదనం వల్ల మరొక మేలు కూడా జరిగింది. చందమామ కథలు ముందుగా తెలుగులో తయారై, తరువాత ఇతర భాషలలోకి వెళ్ళేవి. 1952లో మరాఠీలో ‘చాందోబా’ మొదలైంది. నాందేడ్ జిల్లాలోని కుండల్‌వాడి తెలంగాణ సరిహద్దుకు దగ్గరి ఊరు. ఇంట్లో తెలుగు, వీధిలో మరాఠీ వినిపించే ఇటువంటి చోట్ల, చందమామ చదివిన పిల్లవాడు, చాందోబా చదివిన పొరుగింటి పిల్లవాడు ఒకే కథను చెప్పుకుని నవ్వుకునే వీలు కలిగింది. బొమ్మలూ అవే, కథలూ అవే. భాషలు వేరైనా బాల్యం ఒక్కటే అయింది.

ఇంత చేసినా పత్రికపై సంపాదకుడిగా ఆయన పేరు ఉండేది కాదు. ఆయన తిరగవ్రాసిన కథలపైన కూడా ఆయన పేరు కనిపించేది కాదు. పెద్దల కోసం మరికొన్ని నవలలు వ్రాసుకోగల కాలాన్ని ఆయన పేరులేని ఆ పనికి వెచ్చించారు. ఇది చిన్న త్యాగం కాదు. కథ పిల్లలకు చేరితే చాలునన్నట్లుగా ఆయన పని చేశారు.

1980 ఆగస్టు 17న కుటుంబరావు మరణించారు. అప్పటికీ ఆయన చందమామలోనే పనిచేస్తున్నారు. 2013 నాటికి ఆ పత్రిక కూడా ఆగిపోయింది. అయినా పాత సంచికలను జాగ్రత్తగా దాచుకున్న ఇళ్ళు ఎన్నో ఉన్నాయి. మీ ఇంట్లో గాని, ఊరి గ్రంథాలయంలో గాని పాత చందమామ దొరికితే తెరిచి చూడండి. ఒక కథ చదవండి. అందులో కుటుంబరావు పేరు మీకు కనిపించకపోవచ్చు. కాని తేటతెలుగులో కథ చెబుతున్న ఆయన గొంతు మాత్రం వినిపిస్తుంది.