సింహం పాట కట్టిన సాలమన్ లిండా

మనవలు, మనవరాళ్లు ఉన్న ఇళ్లలో 'ది లయన్ కింగ్' బొమ్మల సినిమా తెలియనివారు అరుదు. డిస్నీ సంస్థ 1994లో తీసిన ఆ చిత్రంలో ఒక అడవిపంది, ముంగిసను పోలిన మరో జంతువు కలసి సింహం మీద పాట అందుకుంటాయి. అదే కథను 2019లో మళ్లీ తీసి తెలుగులోకి తెచ్చినప్పుడు ఆ రెండు పాత్రలకూ బ్రహ్మానందం, అలీ గొంతునిచ్చారు. పిల్లలు గంతులు వేసే ఆ పాట ఎవరిదో, దానివల్ల ఆయన కుటుంబానికి ఏమి దక్కిందో ఈ ప్రత్యేక సంచికలో చెప్పుకుందాం. రావలసిన బకాయిల కోసం ఎదురుచూడటమంటే ఏమిటో మన సభ్యులకు వేరే చెప్పనక్కరలేదు గదా!

సాలమన్ లిండా 1909లో దక్షిణాఫ్రికాలోని నాటాల్ ప్రాంతంలో, పొమెరాయ్ అనే ఊరి దగ్గర జూలూ కుటుంబంలో జన్మించారు. పశువులు కాసుకుంటూ పెరిగారు. జూలూ పెళ్లిపాటలు ఊళ్లో విని నేర్చినవి. కీర్తనలు, బృందగానం మిషన్ బడిలో అబ్బాయి. 1931లో పొట్ట చేతపట్టుకుని బంగారు గనుల నగరం జొహానెస్‌బర్గ్ చేరారు. మొదట ఒక ఫర్నిచరు దుకాణంలోనూ, తరువాత కార్ల్‌టన్ హోటల్లోనూ కొలువు. పని లేనప్పుడు పాట. 'ఈవెనింగ్ బర్డ్స్' అనే బృందాన్ని కూర్చారు. మొత్తం ఆరుగురు. చారల సూట్లు, టోపీలు ధరించి దర్జాగా నిలబడి పాడేవారు. ముగ్గురు మంద్రస్థాయిలో ఆసరా పడితే, అందరికన్నా పైస్థాయిలో పలికే గొంతు లిండాది.

ఆ రోజుల్లో ఆ ప్రాంతంలో రికార్డింగు స్టూడియో అంటే ఎరిక్ గాలో కంపెనీదే. అదే కంపెనీలో రికార్డులు కట్టే విభాగంలో లిండా చిన్న ఉద్యోగి. 1939లో ఆయన బృందం అక్కడే 'ఎంబూబె' అనే పాట పాడింది. జూలూ భాషలో ఎంబూబె అంటే సింహం. రెండుసార్లు పాడినా సరిగా కుదరలేదు. మూడోసారి పాడుతూ, చివరకు వచ్చేసరికి లిండా ముందుగా అనుకోని కొన్ని స్వరాలను అప్పటికప్పుడు అల్లుకుంటూ పోయారు. మన విద్వాంసులు మనోధర్మమనేది ఇదే. తరువాత ప్రపంచమంతా పాడుకున్నది ఆ నాలుగు స్వరాలనే.

1949 నాటికి ఆ రికార్డు లక్ష ప్రతులదాకా అమ్ముడయింది. పాట మీద హక్కును మాత్రం లిండా పది షిల్లింగులకే కంపెనీకి రాసి ఇచ్చేశారు. నల్లవారికి సరైన చదువు, న్యాయం అందని పాలన అది. ఆ కాగితం విలువ ఏమిటో ఆయనకు చెప్పేవారెవరు?

ఈలోగా రికార్డు సముద్రం దాటింది. జానపద గీతాల సేకర్త అలన్ లోమాక్స్ దానిని అమెరికా గాయకుడు పీట్ సీగర్ చేతికిచ్చారు. సీగర్‌కు జూలూ రాదు. పల్లవిలోని మాట చెవికి 'విమోవే' అని వినిపించింది, అలాగే రాసుకున్నారు. ఆయన బృందం 'ది వీవర్స్' 1952లో విడుదల చేసిన ఆ పాట బాగా పేరు తెచ్చుకుంది. రచయితగా అచ్చయిన పేరు పాల్ కాంప్‌బెల్. అలాంటి మనిషే లేడు. అది ఉత్త మారుపేరు. పాట లిండాదని తెలిసిన తరువాత సీగర్ వెయ్యి డాలర్ల చెక్కు పంపి, ఇకమీద సొమ్ము ఆయనకే చేర్చమని ప్రచురణకర్తలకు చెప్పారు. ఆ మాట సవ్యంగా అమలు కాలేదు. తన పని అయిపోయిందనుకుని సీగర్ మళ్లీ ఆరా తీయకపోవడం ఆయన పొరపాటేనని నా అభిప్రాయం.

1959లో కింగ్‌స్టన్ ట్రియో, 1960లో దక్షిణాఫ్రికా గాయని మిరియం మకేబా ఈ పాట పాడారు. 1961లో జార్జ్ వైస్ మరి ఇద్దరితో కలసి ఇంగ్లీషు మాటలు చేర్చగా 'ది టోకెన్స్' అనే కుర్రాళ్ల బృందం 'ది లయన్ స్లీప్స్ టునైట్' పేరుతో పాడింది. రికార్డుకు రెండోవైపు ఎక్కించిన ఆ పాట డిసెంబరులో అమెరికాలో మొదటి స్థానానికి చేరింది. ఆపైన 1972లో రాబర్ట్ జాన్, 1982లో ఇంగ్లండులో టైట్ ఫిట్. ఇలా 150కి పైగా గాయకులు, బృందాలు పాడారని లెక్క.

లిండా 1959లో వేదిక మీదే కుప్పకూలారు. మూత్రపిండాలు చెడిపోయాయి. 1962లో, 53వ ఏట కన్నుమూశారు. టోకెన్స్ పాట మారుమోగి ఏడాదైనా కాలేదు. బ్యాంకు ఖాతాలో 25 డాలర్లకు సరిపడా సొమ్ము కూడా లేదు. భార్య రెజీనా సమాధి మీద రాయి వేయించలేకపోయారు. ఆ రాయి పడటానికి 18 ఏళ్లు పట్టింది. 1983లో ఆమె చేత, 1992లో కూతుళ్ల చేత హక్కుల కాగితాల మీద మళ్లీ సంతకాలు చేయించుకున్నారు.

2000లో రియాన్ మలాన్ అనే పాత్రికేయుడు ఈ కథంతా తవ్వితీశారు. 'ది లయన్ కింగ్' వల్లనే ఈ పాటకు కోటీ యాభై లక్షల డాలర్లదాకా వచ్చి ఉంటుందని ఆయన అంచనా. న్యాయవాది ఓవెన్ డీన్ పాత చట్టాలు తిరగేస్తే 1911 నాటి బ్రిటిష్ కాపీరైట్ చట్టం దొరికింది. రచయిత హక్కు అమ్ముకున్నా సరే, ఆయన పోయిన 25 ఏళ్లకు అది వారసులకు తిరిగి వస్తుందని అందులో ఉంది. ఆ చట్టమే కొద్ది మార్పులతో 1914 నుంచి మన దేశంలోనూ అమలులో ఉండి, 1957 చట్టం రావడంతో పోయింది. లిండా విషయంలో ఆ గడువు 1987తో తీరిపోయింది.

2004లో దక్షిణాఫ్రికాలో డిస్నీ మీద దావా పడింది. ఆ సంస్థకు అక్కడ పట్టుకోదగిన ఆస్తి లేదు. అందుకని మికీ మౌస్ సహా 200కి పైగా ట్రేడ్‌మార్కులను కోర్టు ద్వారా జప్తు చేయించారు! 2006 ఫిబ్రవరిలో, పాట హక్కులున్న అబిలీన్ మ్యూజిక్ సంస్థతో రాజీ కుదిరింది. 1987 నుంచి రావలసిన సొమ్ము, ఇకపై వచ్చే సొమ్ములో వాటా వారసులకు ఇవ్వడానికి ఒక ట్రస్టు ఏర్పడింది. నలుగురు కూతుళ్లలో ఒకరు 2001లోనే మరణించారు. మిగిలిన ముగ్గురి చేతికి అందినది తాము ఆశించినదానికన్నా చాలా తక్కువని 2019లో వచ్చిన ఒక డాక్యుమెంటరీలో వారే బాధపడ్డారు.

రాజీ ప్రకారం ఆ పాటకు సహరచయితగా ఇప్పుడు సాలమన్ లిండా పేరు వేస్తున్నారు. వాయిద్యాలు లేకుండా బృందంగా పాడే ఆ జూలూ బాణీని దక్షిణాఫ్రికాలో ఎంబూబె అనే పిలుస్తారు.