గెలీలియో చరిత్రము: చలనధర్మ నిరూపణము

చేతినుండి జాఱిన ఱాయి నేలఁ బడుటను పసిబిడ్డలు సహితము చూచుచుందురు. అయినను అది మొదటి క్షణమున నెంత దూరమును, తరువాతి క్షణమున నెంత దూరమును పోవుచున్నదో కొలిచి చూడవలెనన్న సంకల్పము ఐరోపాఖండములోని పండితులకు చిరకాలము కలుగలేదు. కలిగినవారు ఒకరిద్దఱున్నను వారి మాట చెల్లలేదు. క్రీస్తునకు పూర్వము నాలుగవ శతాబ్దిలో నుండిన అరిస్టాటిలు, బరువైన వస్తువు తన బరువు చొప్పున వేగముగాఁ బడునని వ్రాసియుండెను. ఆ వ్రాత విద్యాపీఠములలో ప్రమాణమై, ప్రమాణము కాలక్రమమున మతమై, దానిని శంకించుట యపచారమై పోయెను. అరిస్టాటిలు తాను కన్నులు తెఱచి లోకమును చూచి వ్రాసినవాఁడే. ఆయనను గౌరవించుట యనఁగా ఆయనవలెనే చూచుట యని తలఁచినవారు తక్కువ. గ్రంథప్రామాణ్యమునకు దాసులగుట మన దేశమునకే ప్రత్యేకమైన దోషమని యనుకొనువారు గెలీలియో చరిత్రమును చదువవలెను.

గెలీలియో గెలీలీ ఇటలీ దేశమున పీసా పట్టణమునందు 1564వ సంవత్సరము ఫిబ్రవరి 15వ తేదీని జన్మించెను. తండ్రి విన్సెంజియో ల్యూటు అను తంత్రీవాద్యమున నిపుణుఁడు, సంగీతశాస్త్ర గ్రంథకర్త. కుటుంబమునకు వంశగౌరవము కలదు గాని ధనము లేదు. తంత్రి పొడవును సగము చేసినచో స్వరము ఒక స్థాయి పైకి పోవుననుట పూర్వు లెఱిఁగినదే. తంత్రిని బిగించు బరువు విషయమునను ఆ రెండింతల లెక్కయే చెల్లునని గ్రంథములు చెప్పుచుండెను. విన్సెంజియో తంత్రులకు బరువులు కట్టి మీటి చూచి, రెండింతలు చాలదనియు, నాలుగింతలు కావలెననియు కనుఁగొనెను. కుమారునకు విశ్వవిద్యాలయము నేర్పినదానికంటె ఇట్టి పరీక్షలే యెక్కువ నేర్పినవని నా యభిప్రాయము.

తండ్రి కోరికచే గెలీలియో 1581లో వైద్యవిద్యకై పీసా విద్యాపీఠమున చేరెను. అచట వైద్యముమీఁద మనసు నిలువక, ఓస్టీలియో రిచ్చి యను గణితపండితునియొద్ద యూక్లిడు రేఖాగణితమును నేర్చి, 1585లో పట్టము లేకయే వెడలిపోయెను. నాలుగేండ్లకు అదే విద్యాపీఠమున గణితోపాధ్యాయుఁడయ్యెను. జీతము సంవత్సరమునకు 60 స్కూడీలు. అది వైద్యోపాధ్యాయుని జీతముతో పోల్చఁదగినది కాదు.

ఆతఁడు పీసాలోని వంగిన గోపురము పైనుండి రెండు గుండ్లను విడిచి పండితులను విస్మయపఱచెనను కథ లోకప్రసిద్ధము. దీనిని వ్రాసినవాఁడు ఆతని కడపటి శిష్యుఁడగు వివియాని. గెలీలియో తన గ్రంథములలో నెచటను ఈ సంగతిని చెప్పలేదు. అట్టి పరీక్షను హాలండు దేశస్థుఁడగు సైమను స్టెవిను చేసి 1586లోనే ప్రకటించియుండెను. మహనీయులకు కథలను తగిలించుట మనకును అలవాటే కనుక దీనిని విడుతము. గాలి యడ్డులేనిచోట అన్ని వస్తువులును సమానవేగమున పడునన్న ఆతని సిద్ధాంతము మాత్రము కథ కాదు. 1971లో చంద్రునిపై దిగిన డేవిడు స్కాటు అను అమెరికా వ్యోమయాత్రికుఁడు ఒక చేతినుండి సుత్తెను, మఱియొక చేతినుండి డేగ యీఁకను ఒక్కసారిగా విడువఁగా, గాలి లేని యా లోకమున నవి రెండును కలిసియే నేలను తాఁకినవి.

1591లో తండ్రి మరణించెను. చెల్లెండ్ర కట్నముల భారము గెలీలియోపైఁ బడెను. కట్నములో పాలు పంచుకొందునన్న తమ్ముఁడు పంచుకొనలేదు. మఱుసటి సంవత్సరము పాడువా విద్యాపీఠమునకు 180 ఫ్లోరినుల జీతముపై పోయినను అప్పులు తీఱలేదు. విద్యార్థులను ఇంట భోజనమునకు పెట్టుకొనియు, తాను కల్పించిన గణనయంత్రమును అమ్మియు ఆతఁడు ఆ ఋణములను తీర్చుచు వచ్చెను. చలనశాస్త్రమునకు పునాది వేసిన హస్తములు చిరకాలము కట్నపుటప్పులలో చిక్కుకొనియుండినవి. ఈ దురాచారమువలన లోకమునకు కలిగిన నష్టమును లెక్కించువారు దీనినిగూడ లెక్కలో చేర్పవచ్చును.

పాడువాలో గడపిన పదునెనిమిది సంవత్సరములే ఆతని యసలు తపస్సు. పడుచున్న ఱాతిని కొలుచుటకు ఆనాఁడు తగిన గడియారము లేదు. పతనము కనుఱెప్పపాటులో ముగియును. కావున గెలీలియో పతనమును మందగింపఁజేసెను. సుమారు పండ్రెండు మూరల పొడవుగల చెక్కలో తిన్నని గాడి తీయించి, దానికి నున్నని తోలుపత్రము నంటించి, చెక్కను కొంచెము వాలుగా నిలిపి, గాడివెంట నున్నని కంచుగుండును దొరలించెను. కాలమును కొలుచుటకై పెద్ద నీటిపాత్ర యడుగున సన్నని గొట్టము నమర్చి, గుండు దొరలునంతసేపు కాఱిన నీటిని పట్టి త్రాసులో తూఁచెను. నీటి బరువే కాలపుఁ గొలత. ఒక్కొక్క పరీక్షను పలుమాఱులు చేసెను; అన్నిటిని కలిపిన నూఱింటికి తక్కువ కాలేదు.

ఫలిత మిది. మొదటి కాలభాగమున గుండు ఒక పాలు దూరము పోయినచో, రెండవ భాగమున మూఁడు పాళ్లును, మూఁడవ భాగమున నైదు పాళ్లును, నాలుగవ భాగమున నేడు పాళ్లును పోవును. బేసిసంఖ్యలు వరుసగా వచ్చుచున్నవి. వానిని కూడిన ఒకటి, నాలుగు, తొమ్మిది, పదునాఱు. అనఁగా మొత్తము దూరము కాలముయొక్క వర్గము ననుసరించి పెరుగుచున్నది. బల్ల వాలును మార్చినను ఈ నిష్పత్తి మాఱలేదు. 1604లో ఆతఁడు తన మిత్రుఁడగు పావొలో సార్పికి ఈ నియమమును వ్రాసెను గాని, దానికి హేతువును చెప్పుటలో పొరపడెను. గుండు వేగము తాను పోయిన దూరము చొప్పున పెరుగునని యనుకొనెను. అది సరికాదు, వేగము గడచిన కాలము చొప్పున పెరుగును. ఈ సంగతిని తెలిసికొనుటకు ఆతనికి మఱి కొన్నియేండ్లు పట్టినది. తన తప్పును తానే త్రోసివేయఁగలుగుట తర్కవాదులలో అరుదైన గుణము.

మఱియొక పరీక్ష యింతకంటె గంభీరమైనది. గోడకు మేకు కొట్టి సన్నని దారమున సీసపుగుండును వ్రేలాడఁగట్టి, ప్రక్కకు లాగి విడిచినచో, అది క్రిందికి దిగి అవతలి ప్రక్కను విడిచిన యెత్తుకే యించుమించుగా ఎక్కును. దారపు మధ్యభాగమునకు అడ్డముగా వేఱొక మేకు కొట్టినచో, గుండు దిగివచ్చిన తరువాత ఆ మేకునకు తగిలి చిన్న వృత్తమున ఎక్కవలసివచ్చును. అయినను అది చేరు నెత్తు మాత్రము మొదటిదే. త్రోవ మాఱినది, ఎత్తు మాఱలేదు. అందువలన దిగువకు వచ్చినప్పటి వేగము ఏ త్రోవను దిగినదను దానిపై గాక, ఎంత యెత్తునుండి దిగినదను దానిపైననే యాధారపడియున్నదని గెలీలియో గ్రహించెను.

నేఁటి శాస్త్రము దీనిని శక్తి యను పేరుతో చెప్పును. ఎత్తున నున్న వస్తువునందు స్థితిశక్తి కలదు. దిగుచున్నకొలఁది అది తగ్గి గతిశక్తిగా మాఱును. మరల నెక్కునప్పుడు గతిశక్తి స్థితిశక్తి యగును. రాపిడి లేనంతవఱకు ఈ రెంటి మొత్తము పెరుగదు, తఱుగదు. గతిశక్తి వేగముయొక్క వర్గము ననుసరించును గనుక, వేగము రెండింతలు కావలెనన్న నాలుగింతల యెత్తునుండి దిగవలెను. గెలీలియోకు ఈ పేరులు తెలియవు. ఆతని తరువాత హైగెన్సును, 1686లో లైబ్నిట్జును ఈ భావమును పెంచిరి. మెత్తని మట్టిలోనికి గుండ్లను విడిచి గ్రావెసాండే చేసిన పరీక్షల యర్థమును 1740లో గ్రంథరూపమున సమర్థించినది ఎమిలీ డు షాట్లె యను ఫ్రెంచి స్త్రీ. గణితము స్త్రీలబుద్ధికి అందదని వాదించువారికి ఈమె పేరు వినిపింపఁదగినది. రాపిడివలన పోయినట్లు కనఁబడు శక్తి ఉష్ణమై నిలిచియుండునని జూలు నిరూపించుటకు మాత్రము మఱియొక శతాబ్దము పట్టెను.

యంత్రముల విషయమునను గెలీలియో ఇట్టి న్యాయమునే చూపెను. మీటకఱ్ఱతోనో కప్పితోనో ప్రకృతిని మోసగించి యూరక లాభము పొందవచ్చునని శిల్పులు నమ్ముచుండిరి. ఆతఁడు యంత్రశాస్త్రముపై వ్రాసిన చిన్న గ్రంథమున ఈ భ్రమను ఖండించెను. చిన్న బలముతో పెద్ద బరువు నెత్తినచో, ఆ చిన్న బలము అంత యెక్కువ దూరము నడువవలెను. బలమున మిగిలినది దూరమునఁ బోవును. పూర్వము ఏతముపై నడచుచు నీరు తోడిన మన రైతు ఈ లెక్కను శాస్త్రము చదువకయే తన కాళ్లతో నెఱిఁగియుండెను.

చలనమునకు ఎల్లప్పుడును త్రోయువాఁడొకఁడుండవలెనన్న పాతమతమునుగూడ ఆతఁడే కదలించెను. ఒక వాలునుండి దిగిన గుండు ఎదుటి వాలునెక్కి తన మొదటి యెత్తును చేరఁజూచును. ఎదుటి వాలును తగ్గించినకొలఁది అది మఱింత దూరము పోవును. దానిని పూర్తిగా సమతలము చేసినచో, రాపిడి లేని యెడల, ఆఁగుటకు హేతువే లేదు. నిశ్చలముగా సాగిపోవు నోడలోని గదిలో ఎగురు సీతాకోకచిలుకలును, పాత్రలోని చేఁపలును, పైనుండి పడు నీటిబొట్లును ఓడ నిలిచియున్నప్పటివలెనే వర్తించునని చూపి, భూమి తిరుగుచుండినను మనకు తెలియకుండుట అసంభవము కాదని స్థాపించెను. భూమి తిరిగినచో పక్షులు వెనుకఁబడిపోవలెనను ఆక్షేపణము దీనితో నశించెను. ఈ భావమునకే 1687లో న్యూటను తన మొదటి చలనసూత్రమున సంపూర్ణరూపము నిచ్చెను.

దూరదర్శనితో ఆకాశమును చూచి 1610లో బృహస్పతికి నాలుగు ఉపగ్రహములు కలవని ప్రకటించుటయు, ఫ్లారెన్సు ప్రభువు కొలువునకు పోవుటయు అందఱెఱిఁగిన సంగతులే. సూర్యునిచుట్టు భూమి తిరుగునన్న కోపర్నికసు మతమును సమర్థింపరాదని 1616లో రోమను మతాధికారులు ఆతని నాజ్ఞాపించిరి. 1632లో ఆతఁడు సంవాదరూపమైన మహాగ్రంథమును ప్రకటించెను. పోపు ఎనిమిదవ అర్బను చెప్పిన వాదమును ఆ గ్రంథమున మందమతియైన పాత్రనోట పెట్టుట అవివేకము. ఆతని నాలుక వాఁడియైనది. ఆ వాఁడితనము శత్రువులను పెంచెను. సముద్రపుఁ బోటుపాటులే భూభ్రమణమునకు నిదర్శనమని ఆతఁడు పట్టుపట్టిన వాదముగూడ తప్పే. కాని గ్రంథకర్తను శిక్షించినది ఈ తప్పులకుఁ గాదు.

1633వ సంవత్సరము జూను 22వ తేదీని, దాదాపు డెబ్బది యేండ్ల వృద్ధు మోకరించి, భూమి తిరుగుచున్నదను మతమును విడిచితినని రోములో న్యాయాధికారుల యెదుట చదివెను. లేచునప్పుడు తిరుగుచునే యున్నదని గొణిగెననుట తరువాతివారి కల్పన. 1600లో అదే నగరమున బ్రూనో యను తత్త్వవేత్త సజీవముగా దహింపఁబడియుండెను. యాతన పెట్టుదుమన్న బెదరింపు గెలీలియోకును వినఁబడెను. సంస్కారసభలలో చేయెత్తి, కులబహిష్కారమునకు వెఱచి మఱునాఁడే ప్రాయశ్చిత్తము చేయించుకొనువారిని మనము చూచియున్నాము. వారికి చితి భయము లేదు. కావున గెలీలియోను నిందించుటకు నాకు నోరు రాదు. ఆతఁడు చేసినది ధైర్యమని చెప్పుటకును నోరు రాదు.

ఆతఁడు వేఱొక విషయమున నిందార్హుఁడు. పాడువాలో మెరీనా గంబా యను నామెతో వివాహము లేక కాపురముండి ముగ్గురు బిడ్డలను కనెను. కుమారుని తరువాత ధర్మసంతానముగా నంగీకరింపఁజేసెను గాని, ఇద్దఱు కూఁతుండ్రకు తగిన వివాహము కాదని తలఁచి 1613లో వారిని అర్చెత్రి గ్రామపు సన్న్యాసినుల మఠమున చేర్చెను. అప్పటికి పెద్దదానికి పండ్రెండు పదుమూఁడేండ్లు. వారి యిష్టము నడిగినవారు లేరు. ఆ మఠమున దారిద్ర్యము మెండు. పెద్దకూఁతురు మరియా చెలెస్తె మాత్రము తండ్రిపైఁ గోపింపక, ఆతని వస్త్రములు కుట్టుచు, ఔషధములు చేసి పంపుచు జీవించెను. ఆమె వ్రాసిన లేఖలు 124 నిలిచియున్నవి. తండ్రి వ్రాసినవి యొకటియు మిగులలేదు. తీర్పు ననుసరించి ఆతఁడు మూఁడేండ్లు వారమున కొకమాఱు పశ్చాత్తాప కీర్తనలు చదువవలసియుండఁగా, ఆ భారమును తాను వహింతునని ఆమె పూనుకొనెను. ఆతఁడు శిక్షితుఁడై అర్చెత్రికి తిరిగివచ్చిన కొన్ని మాసములకే, 1634 ఏప్రిలు 2వ తేదీని, ముప్పదిమూఁడేండ్ల ప్రాయమున ఆమె గతించెను.

ఆ దుఃఖమునను, గృహనిర్బంధమునను గెలీలియో పాడువానాఁటి పరీక్షల పత్రములను మరల చేతఁబట్టెను. వాలుబల్ల, లోలకము, విసరిన ఱాయి పోవు పరవలయమార్గము, ఇవన్నియు చేరిన రెండు నూతనశాస్త్రముల సంవాదము ఇటలీలో ముద్రింపఁబడుటకు వీలులేక 1638లో హాలండులోని లైడెనునందు ప్రకటింపఁబడెను. పుస్తకము చేతికి వచ్చునప్పటికి ఆతని రెండు కన్నులును పోయినవి. 1642 జనవరి 8వ తేదీని మరణించెను. ఆతని సంవాదగ్రంథము నిషిద్ధగ్రంథముల పట్టికనుండి తొలగుట 1835లో. న్యాయసభవారు పొరపడిరని పోపు రెండవ జాను పాలు ఒప్పుకొనుట 1992లో.

ఫ్లారెన్సు ప్రభువు సమాధిమందిరము కట్టింపఁదలఁపఁగా పోపు సమ్మతింపలేదు. శవమును సాంతా క్రోచె దేవాలయపు మూలగదిలో నుంచిరి. వివియాని తన గురువునకు మంచి సమాధి కట్టుటకై ధనము విడిచి, తానును అచటనే పాతిపెట్టఁబడెను. 1737లో గెలీలియో యస్థులను మందిరములోనికి మార్చుటకై త్రవ్వినప్పుడు, ఆతని పేటికతో పాటు పేరు లేని మఱియొక పేటికయు కనఁబడెను. అందులోనివి ఒక స్త్రీ యస్థులు. అవి మరియా చెలెస్తెవని తలఁచుచున్నారు. వానినిగూడ తండ్రి యస్థులతోనే క్రొత్త సమాధిలో నుంచిరి. ఆమె పేరు మాత్రము ఆనాఁడు దానిపై చెక్కలేదు.