కాలువ తవ్వించిన క్లౌ దొర

గుడి కన్నా ముందు కూలి.. కరవులో ఒంగోలు మిషనరీ ఎంచుకున్న దారి

కాట్టుపల్లి: కాట్టుపల్లికి ఒకవైపు సముద్రం, మరోవైపు బకింగ్‌హాం కాలువ. ఇప్పుడు కాలువ మాట ఎత్తితే పూడిక, థర్మల్ కేంద్రం బూడిద, చేప దొరకని జాలర్ల అవస్థ.. ఇవే గుర్తొస్తాయి. మన తాతల కాలంలో మాత్రం ఇది మద్రాసుకు అన్నం పెట్టిన దారి. ధాన్యం, సరుగుడు కట్టెలు, ఉప్పు, సున్నానికి గుల్ల.. అన్నీ పడవల మీద దీని గుండానే వచ్చేవి. 1806లో మద్రాసు నుంచి ఎన్నూరు దాకా కాక్రేన్ కాలువగా మొదలై, పళవేర్కాడు, దుగరాజపట్నం, కృష్ణపట్నం మీదుగా ఉత్తరానికి సాగింది. పెదగంజాం నుంచి మరక్కాణం దాకా మొత్తం 420 కిలోమీటర్లు. అందులో 163 మన తమిళనాడులో, మిగతా 257 ఆంధ్రలో.

ఇదే గట్టు పట్టుకుని ఉత్తరానికి 250 కిలోమీటర్లకు పైగా వెళ్తే ఒంగోలు ప్రాంతం వస్తుంది. అక్కడ మూడున్నర మైళ్ల కాలువ తవ్వించే కాంట్రాక్టు తీసుకున్నది ఓ పాదిరి. పేరు జాన్ ఎవరెట్ క్లౌ. ఒంగోలు వాళ్లకు క్లౌ దొర.

ఇంతకీ ఇప్పుడాయన ఎందుకంటారా? ఏ ఊరి సంఘంలోనైనా లెక్కల మీటింగు జరిగితే ఒక తగాదా తప్పదు. చందా డబ్బుతో చర్చి గోపురం ఎత్తు పెంచాలా, మందిరం వెనక గుడిసెలో ఉన్న విధవరాలికి బియ్యం ఇవ్వాలా? ఒకరు దేవుని ఇల్లు అంటారు, ఇంకొకరు దేవుని బిడ్డలు అంటారు. ఇద్దరూ బైబిలే చూపిస్తారు. ఈ తగాదాకు మన తెలుగు నేల మీదే పాత ఉదాహరణ ఉంది. అందుకే ఈ కథ.

గొలుసు పట్టిన కుర్రాడు

క్లౌ 1836 జులై 16న అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రంలో పుట్టాడు. పెరిగింది అయోవాలో. పాదిరి కావాలన్న ఆలోచన చిన్నప్పుడు లేదు. కుర్రతనంలోనే ప్రభుత్వ సర్వే బృందంతో కలిసి మిన్నెసోటా అడవుల్లో భూములు కొలిచాడు. ఆ కొలతల చదువు తర్వాత ఎక్కడ అక్కరకొచ్చిందో చూడబోతున్నాం.

ఆయన పుట్టిన ఏడాదే అమెరికన్ బాప్తిస్టులు శామ్యూల్ డే అనే మిషనరీతో తెలుగు మిషన్ మొదలుపెట్టారు. డే కొన్నేళ్లు మద్రాసులో ఉండి 1840లో నెల్లూరు చేరాడు. అక్కడి నుంచి పాతికేళ్లు దాదాపు ఎదుగూబొదుగూ లేదు. చేరినవారిని వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఖర్చు దండగ, మూసేద్దామని అమెరికాలో ఒకటికి రెండుసార్లు చర్చ పెట్టారు. పటంలో ఒంటరిగా కనిపిస్తోందని దానికి ఒంటరి నక్షత్రం అని పేరు కూడా పడింది. లైమన్ జూయెట్ అనే మిషనరీ మొండిపట్టు పట్టకపోతే అప్పుడే మూతపడేది. ఆయనకు తోడుగా 1865లో భార్య హ్యారియెట్‌తో కలిసి క్లౌ దిగాడు. 1866లో ఒంగోలుకు మకాం మార్చాడు. 1867 జనవరి 1న ఎనిమిది మందితో అక్కడ సంఘం ఏర్పాటైంది.

పేరయ్య చూపిన బాట

అయితే ఒంగోలు కథ దొరతో మొదలవలేదు, యర్రగుంట్ల పేరయ్యతో మొదలైంది. తాళ్లకొండపాడుకు చెందిన మాదిగ. తోళ్ల వ్యాపారం మీద ఊళ్లు తిరిగే మనిషి. అంతకుముందే యోగ గురువుల దగ్గర శిష్యరికం చేసి, దేవుడి కోసం వెతుకుతున్నవాడు. 1866లో బాప్తిస్మం తీసుకుని తన వాళ్లలో తనే చెప్పుకొంటూ పోయాడు. 1867 జనవరిలో ఆయన పిలిస్తే క్లౌ తాళ్లకొండపాడు వెళ్లాడు. ఒక్క విడతలో 28 మంది చేరారు. మిషన్ మూడు దశాబ్దాల్లో చూడనిది అది.

ఇక్కడే మొదటి పరీక్ష. ఒంగోలు బడికి అగ్రవర్ణాల పిల్లలు వస్తున్నారు. పట్టణం పెద్దలు దొరతో స్నేహంగానే ఉన్నారు. మాదిగలను చేర్చుకుంటే మేం రామని వాళ్లు తేల్చేశారు. పెద్దకులాలు వస్తే పలుకుబడి వస్తుంది, చదువుకున్న సంఘం వస్తుంది, రాతి కట్టడాలూ వస్తాయి. మాదిగపల్లె నుంచి ఏమొస్తుంది? ఆ రాత్రి భార్యాభర్తలు వేర్వేరు గదుల్లో బైబిలు తెరిస్తే ఇద్దరికీ కొరింథీ పత్రికలో ఒకే భాగం, లోకం తక్కువగా చూసేవారినే దేవుడు ఎంచుకున్నాడన్న భాగం, కనిపించిందని ఆయన జీవితకథలో ఉంది. నమ్మేవారు నమ్మొచ్చు. ఏదేమైనా ఆయన పల్లెనే ఎంచుకున్నాడు.

అలాగని ఆయనకు కట్టడాలంటే గిట్టదనుకుంటే పొరపాటు. 1872లో అమెరికా వెళ్లి ఊరూరా తిరిగి రామపట్నం వేదపాఠశాల కోసం 50 వేల డాలర్ల నిధి పోగుచేసుకొచ్చాడు. మట్టి గుడిసెల మధ్య మిషన్ బంగళాలోనే కాపురమున్నాడు. ఈ సంగతి దాచి ఆయన్ను సాధువును చేయనక్కర్లేదు. పాలాల్లో మాత్రం చాలాచోట్ల ఒకే పూరిపాక వారంలో బడి, ఆదివారం గుడి. ఊరి బోధకుడి పోషణలో సగం మిషన్ ఇస్తే, మిగతాది గింజలో గుడ్డో ఊరివాళ్లు చూసుకునేవారు.

ధాత కరవు

1876లో వానలు ఎగ్గొట్టాయి. మన పెద్దలు ధాత కరవు అని చెప్పుకొన్నది ఇదే. 1878 దాకా మద్రాసు రాష్ట్రంలో లక్షల మంది చనిపోయారు. ధాన్యం లేక కాదు, కొనే డబ్బు లేక. ఇక్కడి పంట ఓడలెక్కి పోతూనే ఉంది. 1877లో ఢిల్లీ నుంచి వచ్చిన రిచర్డ్ టెంపుల్ అనే అధికారి కరవు కూలీకి కోత పెట్టాడు. మగ మనిషికి రోజుకు పౌను గింజలు, అంటే 450 గ్రాములు, దాంతోపాటు అణా. రోజంతా మట్టి మోసేవాడికి అది చాలదని మద్రాసు ఆరోగ్య శాఖాధికారి కార్నిష్ గట్టిగా పోట్లాడాడు.

సర్కారు పనుల్లో మరో ఘోరం ఉంది. అజమాయిషీ చేసే మేస్త్రీలంతా పైకులాల వాళ్లు. మాదిగ కూలీని దగ్గరికి రానివ్వరు, తిట్లు, దెబ్బలు. కూలి చేతికొచ్చేసరికి సగం ఎటు పోతుందో తెలీదు. ఆ ఫిర్యాదులతో జనం క్లౌ దగ్గరికి వస్తున్నారు.

మిషనరీ దగ్గర విరాళాల డబ్బు కొంత ఉంటుంది. గంజి కేంద్రం పెట్టొచ్చు. కూలి ఇచ్చి పెద్ద గుడి కట్టించొచ్చు. ఆయన ఈ రెండూ కాకుండా మూడోది చేశాడు. గవర్నరు డ్యూక్ ఆఫ్ బకింగ్‌హాం హయాంలో కాలువ పని కరవు పనిగా నడుస్తోంది. అందులో మూడున్నర మైళ్ల ముక్కను కాంట్రాక్టుకు అడిగి తీసుకున్నాడు. మిన్నెసోటాలో నేర్చిన కొలతలు ఇక్కడ పనికొచ్చాయి.

రాజుపాలెం దగ్గర తాటాకు పాకలతో పెద్ద శిబిరం లేచింది. వేల మంది కూలీలు. మేస్త్రీలుగా తన బోధకులనే పెట్టాడు. అంటే నిన్నటిదాకా తన్నులు తిన్న కులంవాడే నేడు కొలత వేసి కూలి పంచుతున్నాడు. తవ్విన మట్టిని బట్టి కూలి. క్రైస్తవుడా కాదా అన్న ప్రశ్న లేదు, పార పట్టగలిగితే చాలు. కలరా సోకింది, మనుషులు పోయారు. పోయిన చోటికి ఇంకొందరు వచ్చారు. మధ్యాహ్నం ఎండకు చెట్ల కింద చేరినప్పుడు, సాయంత్రం పని దిగాక, బోధకులు నాలుగు మాటలు చెప్పేవారు. గుడీ లేదు, గంటా లేదు.

పదిహేను నెలలు తలుపు మూత

అసలు విశేషం ఇప్పుడు చెప్పాలి. ఆకలితో ఉన్న జనం, కూలి ఇచ్చే దొర.. చేరతామని వేలమంది వెంటపడ్డారు. క్లౌ ఒప్పుకోలేదు. కరవు సాయం నడిచినంత కాలం, దాదాపు 15 నెలలు, ఒక్కరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. కూటి కోసం మతం మారారన్న మాట రేపు వాళ్ల పిల్లల మీద పడుతుందని ఆయన భయం. తిండికీ మతానికీ మధ్య ఇలా గీత గీయడం అప్పట్లోనే కాదు, ఎప్పుడైనా కష్టమే.

1878 నడిమికి వానలు పడ్డాయి, పనులు ఆగాయి. ఒంగోలుకు పది మైళ్ల దూరాన గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లిలో బోధకులను మాత్రమే కలవాలనుకున్నాడు. జనం కట్టలు కట్టుకుని వచ్చారు. ఇక ఇవ్వడానికి నా దగ్గర పైసా లేదు, వెళ్లిపొండని ఆయన చెప్పేశాడు. డబ్బు అడగడం లేదని, పార పట్టి బతికామని, చేర్చుకోవడమొక్కటే కావాలని వాళ్లు బదులిచ్చారట. బోధకులు పల్లెలవారీగా కూర్చుని ఒక్కొక్కరినీ విచారించి పేర్లు రాశారు.

జులై 2న 614 మంది. మర్నాడు, జులై 3న 2,222 మంది. ఆ మర్నాడు 700. మూడు రోజుల్లో 3,536. ఆరుగురు తెలుగు బోధకులు ఇద్దరిద్దరుగా వంతులేసుకుని నదిలో నిలబడ్డారు. దొర గట్టునే ఉండి ఏర్పాట్లు చూశాడు. ఆ ఏడాది చివరికి మొత్తం 9,606. ఒక్క ఒంగోలు సంఘం లెక్క 12 వేలు దాటింది. ఇంతమందిని ఏ గుడిలో కూర్చోబెడతారు? ఒంటరి నక్షత్రం మిషన్‌లోని సంఘం ప్రపంచంలోకెల్లా పెద్ద బాప్తిస్టు సంఘమైంది, నెత్తి మీద కప్పు సరిపోకుండానే.

తొందరపడ్డాడని, ఇంతమందికి బోధించేదెవరని విమర్శలు వచ్చాయి. అందులో నిజం లేకపోలేదు. పల్లెపల్లెకూ బడి, బోధకుడు అందడానికి ఏళ్లు పట్టింది. నర్సరావుపేట, వినుకొండ, బాపట్ల వంటి చోట్ల కొత్త కేంద్రాలు 1880ల్లోనే పెట్టాల్సొచ్చింది.

మెదక్ సంగతి

ఈ లెక్కకు రెండో వైపు కూడా చూడాలి. మెదక్‌లో చార్లెస్ వాకర్ పాస్నెట్ అనే మెథడిస్టు మిషనరీ మహాదేవాలయం కట్టించాడు. 1914లో మొదలై 1924 క్రిస్మస్ రోజున ప్రతిష్ఠ జరిగింది. శిఖరం ఎత్తు 175 అడుగులు. కరవులో ఊరికే పెట్టడం కన్నా పని ఇచ్చి తిండి పెట్టాలనే ఆయనా అనుకున్నాడని అక్కడ ఇప్పటికీ చెబుతారు. ఆ రాళ్లు మోసినవాళ్లూ ఆ అన్నంతోనే బతికారు. కాబట్టి కట్టడమంటే పేదవాడి నోటి దగ్గర కూడు లాక్కోవడమేనని ఒక్కమాటలో కొట్టిపారేయలేం. కూలి ఎవరికి దక్కింది, ఎంత దక్కింది, మేస్త్రీ ఎవరు అని అడగాలి. మన ఊళ్లలో కాంట్రాక్టర్లకు అప్పగించి కట్టే మందిరాలకు ఈ ప్రశ్న వేస్తే జవాబు అంత సులువుగా రాదు.

చివరి రోజులు

హ్యారియెట్ 1893లో చనిపోయింది. మరుసటి ఏడాది క్లౌ ఎమ్మా రౌషెన్‌బుష్‌ను పెళ్లాడాడు. చెప్పులు కుట్టే మాదిగల కథలు, వాళ్ల గురువుల సంగతులు సేకరించి 1899లో పుస్తకం వేసిన రచయిత్రి ఆమె. పేరయ్య లాంటివారి గురించి మనకు ఇంత తెలిసిందంటే అందులో ఆమె చలవ చాలా ఉంది. ఆమె తమ్ముడు వాల్టర్ రౌషెన్‌బుష్ అమెరికాలో పేరున్న వేదాంతి. కూలి, ఆకలి, ఇల్లు కూడా చర్చి పట్టించుకోవాల్సిన సంగతులేనని 1907లో పుస్తకం రాసి సంచలనం రేపాడు. అప్పటికి ముప్పై ఏళ్ల ముందే ఆయన బావ రాజుపాలెంలో కాలువ గట్టు మీద నిలబడి కూలి లెక్కలు చూసి ఉన్నాడు.

క్లౌ 1905లో పని నుంచి తప్పుకొన్నాడు. 1910 నవంబరు 24న న్యూయార్క్ రాష్ట్రంలోని రోచెస్టర్‌లో కన్నుమూశాడు. ఒంగోలులో ఆయన జ్ఞాపకంగా వెలిసింది గోపురం కాదు, క్లౌ ఆసుపత్రి. ఆయన చెబుతుండగా ఎమ్మా రాసిపెట్టిన జీవితకథ 1914లో అచ్చయింది. 1965-66 తుపానుల దెబ్బకు కాలువ బాగా పాడై పడవలు తగ్గిపోయాయి. 2008లో దాన్ని నాలుగో జాతీయ జలమార్గంలో చేర్చారు. కాట్టుపల్లి దగ్గర గట్టు మీద నిలబడితే మాత్రం పడవ కన్నా పోర్టుకు పోయే లారీలే ఎక్కువ కనిపిస్తాయి.