చదువు గెలిచింది.. కాపురం ఆగిపోయింది

మెడిసిన్‌లో సీటొచ్చిందంటే ఇంట్లో పండగే. అసలు కథ మొదలయ్యేది ఆ పండగ అయ్యాకే. ఇంటర్న్‌షిప్‌తో కలిపి ఐదున్నరేళ్ల ఎంబీబీఎస్, ఆపైన పీజీ ఎంట్రన్స్, సీటొస్తే ఇంకో మూడేళ్లు. లెక్క చూసుకునేసరికి వయసు ముప్ఫైకి దగ్గర పడుతుంది. ఈ మధ్యలో మనసుకి నచ్చిన మనిషి ఉంటే మాట్లాడ్డానికి తీరికుండదు. పెళ్లయితే ఒకరు ఒక ఊళ్లో, ఇంకొకరు వేరే ఊళ్లో. చదువా, మనిషా అని మెడికోలు నలిగిపోవడం ఈనాటి సంగతి కాదు. వందేళ్ల కిందట మద్రాసు మెడికల్ కాలేజీలో చదివిన ఓ తెలుగు కుర్రాడి జీవితమంతా ఈ ప్రశ్న చుట్టూనే తిరిగింది. ఆయనే యల్లాప్రగడ సుబ్బారావు.

అరటిపళ్ల వ్యాపారం నుంచి..

సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. తండ్రి జగన్నాథం రెవెన్యూ ఉద్యోగి. ఆరోగ్యం బాగోక ఆయన ముందే కొలువు వదులుకోవడంతో ఇల్లు గడవడం కష్టమైంది. తల్లి వెంకమ్మ గట్టి మనిషి. కొడుకు చదువుకుని పైకి రావాలని ఆమె పట్టుదల. కొడుక్కేమో చదువు మీద ధ్యాస లేదు. పదమూడేళ్లప్పుడు కాశీ వెళ్లి యాత్రికులకు అరటిపళ్లు అమ్మి బాగా సంపాదించేద్దామని ఇంట్లోంచి పారిపోయాడు. పెద్దలు పట్టుకొచ్చి మళ్లీ బడిలో కూర్చోబెట్టారు.

మెట్రిక్ రెండుసార్లు తప్పాడు. మూడోసారి మద్రాసు హిందూ హైస్కూల్ నుంచి గట్టెక్కాడు. తర్వాత ప్రెసిడెన్సీ కాలేజీ. అక్కడుండగా రామకృష్ణ మిషన్ వైపు మనసు మళ్లింది. సంసారం వద్దు, సన్యాసం పుచ్చుకుంటానన్నాడు. తల్లి ససేమిరా అంది. తల్లి ఒప్పుకోకుండా మిషన్ వాళ్లు చేర్చుకోరు. వైద్యం నేర్చుకుంటే జనానికి సేవ చేసినట్టూ ఉంటుంది, ఇంటికి ఆసరాగానూ ఉంటుందన్న ఆలోచన అలా వచ్చింది. 1915లో మద్రాసు మెడికల్ కాలేజీలో చేరారు. సెంట్రల్ స్టేషన్ దగ్గరున్న ఆ కాలేజీ ఆ రోజుల్లో తెలుగు జిల్లాల కుర్రాళ్లకు పెద్ద దిక్కు. విశాఖపట్నంలో మెడికల్ కాలేజీ 1923లో గానీ రాలేదు.

చదువు మధ్యలో పెళ్లి

మెడిసిన్ ఖర్చు అప్పుడూ తక్కువేం కాదు. స్నేహితులు తలోచెయ్యి వేశారు. కస్తూరి సూర్యనారాయణమూర్తి అనే పెద్దమనిషి అండగా నిలిచారు. 1919లో ఆయన కూతురు శేషగిరితోనే సుబ్బారావు పెళ్లి జరిగింది. సన్యాసం తీసుకుంటానన్న మనిషి చదువు రోజుల్లోనే గృహస్థు అయ్యారు. చదివించిన చెయ్యీ, పిల్లనిచ్చిన చెయ్యీ ఒక్కటే. కాబట్టి ఈ కథలో చదువునీ కాపురాన్నీ విడదీసి చూడలేం.

ఆ రోజుల్లో అబ్బాయీ అమ్మాయీ ముందుగా మాట్లాడుకోవడం, ఒకరి ఇష్టాలు ఇంకొకరు తెలుసుకోవడం ఎక్కడిది? అయితే అదే కాలేజీలో ఒకామె మాత్రం ముందే మాట్లాడుకుంది. పుదుక్కోట నుంచి వచ్చిన ముత్తులక్ష్మి 1912లో పట్టా పుచ్చుకుంది. రెండేళ్ల తర్వాత డాక్టర్ సుందరరెడ్డిని పెళ్లాడింది. తనను సమానంగా చూడాలని, తన ఇష్టాలకు అడ్డు రాకూడదని ముందే షరతు పెట్టింది. ఆయన ఒప్పుకున్నాకే పెళ్లి. డాక్టర్ ముత్తులక్ష్మీరెడ్డిగా ఆమె తర్వాత శాసనమండలికి వెళ్లారు, 1954లో అడయారు క్యాన్సర్ ఆసుపత్రికి ప్రాణం పోశారు. ముందుగా మాట్లాడుకున్న పెళ్లికీ, పెద్దలు ముడేసిన పెళ్లికీ ఉన్న తేడా ఈ రెండు జీవితాల్లో కనిపిస్తుంది.

ఖద్దరు తెచ్చిన చిక్కు

గాంధీజీ విదేశీ వస్తువులు మానమన్నాక సుబ్బారావు ఆపరేషన్ థియేటర్లోనూ ఖద్దరు కోటే వేసుకున్నారు. సర్జరీ ప్రొఫెసర్ బ్రాడ్‌ఫీల్డ్‌కి అది కంటగింపైంది. రాతపరీక్షలు బాగా రాసినా ఎంబీబీఎస్ దక్కలేదు. అంతకన్నా చిన్నదైన ఎల్ఎంఎస్ చేతిలో పెట్టి పంపారు. ఆ పట్టాతో సర్కారు వైద్యశాఖలో కొలువు కోసం ప్రయత్నించినా దొరకలేదు. ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద కళాశాలలో అనాటమీ పాఠాలు చెబుతూ రోజులు నెట్టుకొచ్చారు.

ఇంతలో ఇంకో పిడుగు. సంగ్రహణి లాంటి స్ప్రూ జబ్బుతో ఇద్దరు అన్నదమ్ములు కొద్దిరోజుల తేడాతో పోయారు. అదే జబ్బు సుబ్బారావునీ పట్టుకుంది. లక్ష్మీపతి గారి మందుతో ఆయన బయటపడ్డారు. మందు లేక మనుషులు పోవడమేమిటన్న బాధ మాత్రం మనసులో ముల్లులా మిగిలింది. పరిశోధన వైపు నడిపించింది ఆ ముల్లే.

ఓడ ఎక్కిన రోజు

అమెరికా వెళ్లి ఉష్ణమండల జబ్బుల మీద చదవాలనుకున్నారు. కాకినాడ మల్లాడి సత్యలింగం నాయకర్ ధర్మసంస్థ సాయం చేస్తామంది. మిగతా డబ్బు మామగారు సమకూర్చారు. 1920ల మొదట్లో సుబ్బారావు ఓడెక్కారు. శేషగిరి ఇక్కడే ఉండిపోయారు.

ఆయన వెళ్లాక కొడుకు పుట్టాడు. ఏడాది నిండకుండానే పోయాడు. తండ్రి బిడ్డ మొహం చూడలేదు. బిడ్డ పోయినప్పుడు ఆ తల్లి పక్కన భర్త లేడు. ఈ ఒక్క సంగతి దగ్గర ఎవరైనా కాసేపు ఆగాల్సిందే. గొప్పవాళ్ల చరిత్ర చెప్పేటప్పుడు ఇలాంటివి ఒక్క ముక్కలో తేల్చేస్తుంటారు. మోసినవాళ్లకి అది ఒక్క ముక్క కాదు.

బోస్టన్‌లో సుబ్బారావు బతుకూ పూలపాన్పేం కాదు. పట్టా చిన్నది కావడంతో డాక్టరుగా తీసుకునేవాళ్లు లేరు. పీటర్ బెంట్ బ్రిగామ్ ఆసుపత్రిలో రాత్రిపూట రోగుల మలమూత్రాలెత్తే పని చేశారు. పగలు హార్వర్డ్‌లో చదువు. డిప్లొమా చేతికొచ్చాక సైరస్ ఫిస్క్ అనే ఆచార్యుడి దగ్గర జీవరసాయన ప్రయోగశాలలో చేరారు.

ఒకదాని వెనక ఒకటి

1925లో ఫిస్క్, సుబ్బారావు కలిసి రక్తంలో, మూత్రంలో ఫాస్ఫరస్‌ని కొలిచే పద్ధతి కనిపెట్టారు. బయోకెమిస్ట్రీ చదివిన ప్రతి మెడికోకీ ఫిస్క్-సుబ్బారావు పద్ధతి తెలుసు. 1927లో కండరాల్లో ఫాస్ఫోక్రియాటిన్ ఉందని చూపించారు. 1929లో ఏటీపీని వేరుచేశారు. జర్మనీలో లోమాన్ కూడా అదే సమయంలో దాన్ని పట్టుకున్నాడు. మన ఒంట్లో ప్రతి కణానికీ శక్తినిచ్చే ఇంధనం అదే. 1930లో పీహెచ్‌డీ వచ్చింది. హార్వర్డ్‌లో పక్కా ఉద్యోగం మాత్రం రాలేదు.

1940లో న్యూయార్క్ రాష్ట్రం పెర్ల్ రివర్‌లోని లెడర్లీ కంపెనీలో చేరారు. రెండేళ్లకే పరిశోధన విభాగం మొత్తం ఆయన చేతికొచ్చింది. 1945లో ఆయన బృందం ఫోలిక్ యాసిడ్‌ని ప్రయోగశాలలో తయారుచేసింది. అన్నదమ్ముల్ని పొట్టనబెట్టుకున్న స్ప్రూకి అది మందైంది. కడుపుతో ఉన్న ప్రతి తల్లికీ ఆసుపత్రిలో ఇచ్చే మాత్ర అదే. ఆ పరిశోధనలోంచే అమినోప్టెరిన్, మెథోట్రెక్సేట్ వచ్చాయి. అమినోప్టెరిన్‌తో బోస్టన్ డాక్టర్ సిడ్నీ ఫార్బర్ రక్తక్యాన్సర్ పిల్లల్లో జబ్బును కొంతకాలం వెనక్కి తగ్గించగలనని 1948లో చూపించారు. కీమోథెరపీకి అది తొలి అడుగుల్లో ఒకటి.

బోదకాలుకి హెట్రజాన్ ఆయన బృందం తెచ్చిందే. డీఈసీ మాత్ర అంటే గోదావరి జిల్లాల్లోనూ, ఒడిశాలోనూ ఇట్టే గుర్తుపడతారు. బోదకాలు నిర్మూలన కోసం ఇంటింటికీ తిరిగి మింగించింది దాన్నే. 1948లో వచ్చిన ఆరియోమైసిన్ టెట్రాసైక్లిన్ జాతి మందుల్లో మొదటిది. బెంజమిన్ డగ్గర్ దాన్ని కనిపెట్టింది సుబ్బారావు నడిపిన విభాగంలోనే. 1994లో సూరత్‌లో ప్లేగు అనగానే జనం మందుల షాపుల ముందు క్యూ కట్టింది టెట్రాసైక్లిన్ కోసమే.

తిరిగి రాని మనిషి

ఒక పని ముగిసేలోపు ఇంకోటి నెత్తినేసుకోవడం సుబ్బారావు నైజం. ఇండియా రాలేదు. శేషగిరిని మళ్లీ చూడలేదు. ఇంకో పెళ్లీ చేసుకోలేదు. అమెరికా పౌరసత్వమూ తీసుకోలేదు. 1948 ఆగస్టులో పెర్ల్ రివర్‌లో గుండెపోటుతో నిద్రలోనే పోయారు. అప్పటికి 53 ఏళ్లు. దేశానికి స్వాతంత్య్రం వచ్చి ఏడాది కావస్తోంది. సుమారు పాతికేళ్లు ఆ కాపురం సముద్రానికి చెరోవైపునే గడిచిపోయింది.

1995లో శతజయంతికి మన తపాలాశాఖ ఆయన బొమ్మతో స్టాంపు వేసింది. ఒక బూజుజాతికి శాస్త్రవేత్తలు సుబ్బరోమైసెస్ అని ఆయన పేరు పెట్టారు. శేషగిరి పేరు మీద ఏమీ లేదు. పుట్టింటి డబ్బు, తన వయసు, పోగొట్టుకున్న బిడ్డ.. ఇవన్నీ ఆ పరిశోధనకు ఆమె పెట్టిన పెట్టుబడే. కానీ పెడతావా అని ఆమెను అడిగినవాళ్లు లేరు.

ఏం నేర్చుకోవాలి?

సుబ్బారావు చేసింది తప్పా, ఒప్పా అని తీర్పు చెప్పడానికి మనమెవరం? ఆయన మందులతో బతికిన లక్షల మంది ఒకవైపు, ఎదురుచూసిన ఒక్క మనిషి ఇంకోవైపు. ఈ త్రాసు ఎటూ మొగ్గదు. కానీ ఇప్పటి మెడికోలకు ఆ రోజుల్లో లేని సౌకర్యం ఒకటుంది. ముందే మాట్లాడుకోవచ్చు. ఎన్నేళ్లు చదవాలి, ఎక్కడ చదవాలి, డ్యూటీలు ఎలా ఉంటాయి, పిల్లలెప్పుడు, ఎవరి చదువు కోసం ఎవరు ఆగాలి.. అన్నీ ముత్తులక్ష్మి అడిగినట్టు ముందే అడగొచ్చు. ఆగే మనిషి తెలిసి ఆగితే అది భాగస్వామ్యం. తెలియకుండా ఆగిపోతే అది శిక్షే.

చెన్నైలో, బెంగళూరులో, బరంపురంలో చదువుతున్న మన పిల్లలు రేపో మాపో బయోకెమిస్ట్రీ ల్యాబ్‌లో ఫిస్క్-సుబ్బారావు పద్ధతి చేస్తారు. పరీక్షనాళికలో నీలిరంగు తేలినప్పుడు భీమవరం కుర్రాణ్ని తలచుకోండి. దాంతోపాటు శేషగిరమ్మనీ ఒక్కసారి గుర్తుచేసుకోండి. ల్యాబ్ నుంచి బయటికొచ్చాక, మీకోసం ఎదురుచూసే మనిషికి ఓ ఫోన్ చేయండి.