పత్తి బజారు మింగేసిన స్టూడియో: చందూలాల్ షా జీవితం

చందూలాల్ షా 1975 నవంబరులో బొంబాయిలో కన్నుమూసే నాటికి ఆయన దగ్గర పెద్దగా ఏమీ మిగల్లేదు. ఒకప్పుడు వందల మందికి నెలజీతాలిచ్చి, దేశంలోని అతిపెద్ద స్టూడియోల్లో ఒకదాన్ని నడిపిన మనిషి చివరి రోజుల్లో సిటీ బస్సుల్లో తిరిగారు. డబ్బు, పెళ్లి, హోదాల చుట్టూ తిరిగే కథలను హిందీ సినిమాకు అలవాటు చేసిన తొలితరం దర్శకుల్లో ఆయన ముఖ్యుడు. ఆయన జీవితమూ చివరకు డబ్బు కథగానే ముగిసింది.

షా 1898లో జామ్‌నగర్‌లో పుట్టారు. బొంబాయిలోని సైడెన్‌హామ్ కళాశాలలో చదువుకున్నారు. ఆ చదువు సహజంగానే షేర్ మార్కెట్ వైపు దారి చూపింది. సినిమా మాత్రం అన్నగారి వల్ల పరిచయమైంది. అన్న దయారామ్ షా పౌరాణిక చిత్రాలకు కథలు రాసేవారు. ఆయనకు సాయంగా వెళ్లిన తమ్ముడికి 1925లో అనుకోని అవకాశం వచ్చింది. లక్ష్మీ ఫిల్మ్ కంపెనీలో దర్శకుడు మణిలాల్ జోషీ జబ్బు పడటంతో ‘విమల’ చిత్రం షా చేతికొచ్చింది. ఒకటి రెండు చిత్రాల తర్వాత మళ్లీ షేర్ మార్కెట్‌కు వెళ్లిపోయినా, ఒక మిత్రుడి చొరవతో ద్వారకాదాస్ సంపత్ నడిపే కోహినూర్ కంపెనీలో చేరారు.

అప్పటికి మూకీ సినిమా అంటే ఎక్కువగా దేవుళ్లు, రాజులు, సాహసాలు. షా దృష్టి మాత్రం ఆఫీసుకెళ్లే మనుషుల మీద పడింది. 1926లో వచ్చిన ‘టైపిస్ట్ గర్ల్’ పేరులోనే కొత్త నగర జీవితం కనిపిస్తుంది. ఇందులో సులోచన, గోహర్ నటించారు. మూడు వారాలైనా పట్టకుండా తీసిన ఈ చిత్రం బాగా ఆడింది. దాంతో సాంఘిక కథలకు గిరాకీ ఉందని కంపెనీకి నమ్మకం కుదిరింది.

మరుసటి ఏడాది ‘గుణసుందరి’ వచ్చింది. తెలుగులో 1949లో కె.వి.రెడ్డి తీసిన ‘గుణసుందరి కథ’కూ దీనికీ సంబంధం లేదు. షా తీసింది పట్నంలోని ఒక కుటుంబం కథ. భార్య తెల్లవారుజాము నుంచి రాత్రి దాకా ఇంటి చాకిరీలో మునిగి ఉంటుంది. బయటి చిక్కులతో అలసి వచ్చిన భర్తకు మనసు విప్పి మాట్లాడే మనిషి కావాలి. ఆ తోడు ఇంట్లో దొరకక అతను ఒక నర్తకి గుమ్మం తొక్కుతాడు. భార్య ఏడుస్తూ కూర్చోదు. పతివ్రతగా ఉంటే చాలదని, స్నేహితురాలిగానూ ఉండాలని గ్రహించి వంటింటి గడప దాటుతుంది. గోహర్ నాయిక, తమిళనాడుకు చెందిన రాజా శాండో నాయకుడు.

ఈ కథలో ఒక మెలిక ఉంది. సాధ్వి అంటే మౌనంగా భరించేదే అన్న ఆదర్శాన్ని అది కదిలించింది. అలాగని భర్తను బోనెక్కించలేదు. అతను దారి తప్పితే దిద్దుకోవాల్సిన భారం మళ్లీ భార్య మీదే పడింది. పొద్దంతా చాకిరీ చేసిన మనిషే రాత్రికి కొత్తగా తయారై కబుర్లూ చెప్పాలి. కొంచెం ముందుకెళ్లి అక్కడే ఆగిపోయిన ఈ ధోరణి తర్వాతి దశాబ్దాల కుటుంబ చిత్రాల్లోనూ కనిపిస్తుంది. షా స్వయంగా ఈ కథను 1934లో టాకీగా మళ్లీ తీశారు. అప్పుడూ నాయిక గోహరే.

తెర బయట గోహర్ పాత్ర వేరు. తండ్రి వ్యాపారం దెబ్బతినడంతో చిన్న వయసులోనే సినిమాల్లోకి వచ్చిన ఆమె, 1929లో షాతో కలిసి రంజిత్ ఫిల్మ్ కంపెనీని స్థాపించారు. తెర మీద భర్త మనసు గెలవడానికి పాట్లుపడే ఇల్లాలు, స్టూడియోలో లెక్కలు తెలిసిన భాగస్వామి. షాకు వ్యాపారంలోనూ జీవితంలోనూ తోడుగా నిలిచింది ఆమే.

1931లో ‘దేవీ దేవయాని’తో రంజిత్ టాకీల్లోకి అడుగుపెట్టింది. దాదర్‌లోని ఆ స్టూడియోలో ఏడాది పొడవునా ఒకదాని వెనుక ఒకటిగా చిత్రాలు తయారయ్యేవి. నటులు, సంగీత దర్శకులు, కార్మికులు అందరూ జీతగాళ్లే. 1940లో అస్పృశ్యత మీద ‘అఛూత్’ వచ్చింది. 1943లో సైగల్ నటించిన ‘తాన్‌సేన్’ ఘన విజయం సాధించింది.

పతనమూ ఆ దశాబ్దంలోనే మొదలైంది. సినిమాల్లో వచ్చిన లాభాలను షా పత్తి జూదంలోనూ గుర్రప్పందాల్లోనూ పెట్టారు. పత్తి ధరల మీద కాసిన పందెం తిరగబడి భారీగా నష్టపోయారు. తప్పంతా జూదానిదే అనడం కూడా సరికాదు. యుద్ధకాలంలో నల్లడబ్బు పరిశ్రమలోకి పారింది. చిత్రానికింత అని పెద్ద మొత్తాలు ఇచ్చేవాళ్లు వచ్చాక తారలు నెలజీతానికి ఎందుకుంటారు? రంజిత్ ఒక్కటే కాదు, నెలజీతాల మీద నడిచిన ఇతర స్టూడియోలూ కుదేలయ్యాయి. మిగతావాళ్లకు లేని అదనపు బరువు షాకు అప్పుల రూపంలో ఉంది.

పరిశ్రమలో ఆయన మాటకు విలువ మాత్రం తగ్గలేదు. 1951లో ఏర్పడిన ఫిల్మ్ ఫెడరేషన్ ఆఫ్ ఇండియాకు తొలి అధ్యక్షుడయ్యారు. మరుసటి ఏడాది హాలీవుడ్ వెళ్లిన భారతీయ ప్రతినిధి బృందానికి నాయకత్వం వహించారు. 1953లో రాజ్ కపూర్, నర్గిస్‌లతో తీసిన ‘పాపీ’ ఆయన్ని గట్టెక్కించలేకపోయింది. 1960లో వచ్చిన ‘జమీన్ కే తారే’ తర్వాత ఆయన దర్శకత్వానికి తెరపడింది.

షా పోయిన పదేళ్లకు, 1985లో గోహర్ కన్నుమూశారు. మన మూకీ చిత్రాల్లో అత్యధికం ఇప్పుడు దొరకవు. కానీ ‘గుణసుందరి’ లేవనెత్తిన ప్రశ్న పాతబడలేదు. సంసారం నిలబెట్టే బాధ్యత ఎవరిదంటే టీవీ సీరియళ్లు ఇప్పటికీ భార్య వైపే వేలు చూపిస్తున్నాయి.