గొలుసుతో దేశాన్ని కొలిచిన కల్నల్ లాంబ్టన్

గుత్తి కోట మన వాళ్లలో చాలామంది చూసినదే. ఆ ప్రాంతంలో 1811లో నేల మీద ఉక్కు గొలుసు పరచి ఒక తిన్నని గీత కొలిచినారు. కొలిపించినవాడు విలియం లాంబ్టన్. హిందూస్తాన్‌ను త్రిభుజాలతో కొలిచిన మహా సర్వేకు పునాది వేసినవాడు ఈయనే.

ఇంగ్లాండు ఉత్తరాన యార్క్‌షైర్‌లో బీద ఇంట పుట్టినాడు. 1781లో సైన్యంలో చేరి, తర్వాత అమెరికాకు పోయినాడు. తర్వాత కెనడాలో ఎన్నో ఏండ్లు చిన్న నౌకరీ. అక్కడ తీరిక దొరికినప్పుడల్లా లెక్కలు, నక్షత్ర శాస్త్రం తనంతట తానే చదువుకున్నాడు. సూర్యగ్రహణం చూడబోయి ఒక కంటి చూపు చెడగొట్టుకున్నదీ అక్కడే.

1799లో శ్రీరంగపట్నం మీదికి వచ్చిన ఇంగ్లీషు సైన్యంలో ఈయన ఉన్నాడు. టిప్పు సుల్తాను షహీద్ అయిన యుద్ధంలో అవతలి పక్షం అన్నమాట. ఈ సంగతి దాచి రాయడం నాకు ఇష్టం లేదు. ఒక రాత్రి జనరల్ బెయిర్డ్ దండు దారి తప్పి టిప్పు సేన వైపే నడుస్తుంటే, చుక్కలు చూసి అది తప్పు దిక్కని చెప్పినవాడు లాంబ్టనే. ఆయన గీయించిన పటాలు కూడా కంపెనీ శిస్తుకూ ఫిరంగులకూ పనికొచ్చినాయి. అయినా ఆ లెక్కను మన పిల్లలు నేర్చుకోకుండా ఉండలేరు.

ఏమిటా లెక్క? ఒక కన్ను మూసుకొని సూదిలో దారం ఎక్కించి చూడండి, తడబడతారు. రెండు కళ్లూ రెండు చోట్ల నుంచి చూస్తేనే దూరం బాగా తెలుస్తుంది. అట్లాగే రెండు కొండల మీద నుంచి మూడో కొండ మీది జెండాను చూసి కోణాలు కొలిస్తే, ఆ రెంటి నడుమ దూరం తెలిసి ఉంటే చాలు, మూడో కొండ దూరం నడవకుండానే వస్తుంది. మేము బడిలో ముసల్లస్ అని చెప్పే త్రిభుజమే ఇది. ఒక కన్నే సరిగా ఉన్న మనిషి రెండో కొండను తనకు రెండో కన్నుగా చేసుకున్నాడు.

1802 ఏప్రిల్ 10న మద్రాసులో సెయింట్ థామస్ మౌంటు దగ్గర మొదలుపెట్టి, 100 అడుగుల గొలుసును 400 సార్లు పరచి, ఏడున్నర మైళ్ల గీతను 57 రోజుల్లో కొలిచినారు. అక్కడి నుంచి త్రిభుజం మీద త్రిభుజం పేర్చుకుంటూ పడమటి సముద్రం చేరేసరికి, మద్రాసుకూ మంగుళూరుకూ నడుమ నేల పాత పటాల కంటే సుమారు 40 మైళ్లు తక్కువని తేలింది! కోణాలు కొలిచే థియోడలైటు అర టన్ను బరువు. 1808లో తంజావూరు గుడి గోపురం మీదికి ఎక్కిస్తుంటే తాడు తెగి చక్రం వంగిపోయింది. లాంబ్టన్ డేరాలో కూర్చొని ఆరు వారాలు దాన్ని కొంచెం కొంచెంగా సరిచేసినాడు. ఇంకొకడైతే లండనుకు పంపి ఊరకుండేవాడు.

ఈనాడు కంప్యూటరు చేసేదీ దీనికి దగ్గరి పనే. ఒక మసీదును రెండు చోట్ల నుంచి తీసిన రెండు ఫోటోలు ఇస్తే, రెండింటిలోనూ కనబడే గుర్తులను, మినారు కొన, తలుపు మూల, ఇట్లా జత కలుపుతుంది. మిగతా వాటితో పొసగని తప్పు జతలను తీసేస్తుంది. మిగిలిన జతలతో కెమెరా ఎంత తిరిగిందో, ఏ దిక్కుకు జరిగిందో తేలుతుంది. తర్వాత గుర్తు గుర్తుకూ త్రిభుజం. అయితే ఆకారం వస్తుందే గాని సైజు రాదు. అది నిజమైన మసీదో, అట్టతో చేసిన బొమ్మో ఆ ఫోటోలు చెప్పలేవు. ఎక్కడో ఒక కొలత నేల మీద తీసి ఇవ్వవలసిందే. గుత్తి దగ్గర పరచిన గొలుసు పని అదే: మద్రాసు నుంచి పేరుకుంటూ వచ్చిన తప్పు ఎంతో అక్కడ పట్టుకోవడం.

తర్వాత బీదరు దగ్గర 1815లో ఇంకొక గీత. చివరి ఏండ్లలో హైదరాబాదు ఆయనకు మకాం అయింది. 1819లో కృష్ణా గోదావరి నడుమ అడవుల్లో ఆయన సహాయకుడు జార్జి ఎవరెస్టు దండు జ్వరాలతో పడిపోయింది, కొందరు చనిపోయినారు. జెండాలు మోసిన ఆ మనుషుల పేర్లు ఏ పటం మీదా లేవు.

లాంబ్టన్ ఉత్తరానికి పోతూ 1823 జనవరిలో హింగన్‌ఘాట్‌లో చనిపోయినాడు. సమాధి అక్కడే ఉంది. పని ఎవరెస్టు చేతికి వచ్చింది. 1843లో ఆ సర్వే పరికరాలు చేసే పెద్ద ఉద్యోగం ఆర్కాటు వాడైన సయ్యద్ మీర్ మొహసిన్ హుసేన్‌కు దక్కింది. అంతకు ముందు ఆ చోట ఉన్నది ఒక ఇంగ్లీషు దొర.